దీపాలకు ఒప్పుకోను

ఈ పత్రిక అచ్చువేసే పెద్దమనిషి నిన్న నన్ను పాన్, అంటే దొరగారు, అని మర్యాదగా పిలుస్తూ కబురు పంపాడు. "పాన్ బార్తొష్, కిందటి వారం మిమ్మల్ని మీరు కోట మెట్ల మీద నిలబెట్టుకుని వదిలేశారు. చలి బాగా ఉంది. ఇక లోపలికి రమ్మని పాఠకులు అడుగుతున్నారు" అని. సరే, వస్తాను. కిందటి సంచిక చదవనివాళ్ల కోసం ముందు నాలుగు ముక్కలు చెబుతాను. చదివినవాళ్లు ఈలోగా ఓ గ్లాసు తేనెసారా పోసుకోండి.

అప్పటికి నాకు ముప్పై నాలుగేళ్లు. సరిహద్దు సీమ పొదోలియా నుంచి వార్సా సభకు వెళ్లిన ఇద్దరు ప్రతినిధుల్లో నేనొకణ్ని. రెండోవాడు ఒనుఫ్రీ లసోతా, నా చెల్లెలు తెక్లా మొగుడు, అతనికిది రెండో సభ. మూడేళ్ల కిందట కోతల కాలంలో తాతార్లు మా ఊళ్ల మీద పడి తెక్లాను గుర్రానికి కట్టి క్రిమియాకు ఈడ్చుకుపోయారు. జీతాలు అందక సైన్యం ఇళ్లకు వెళ్లిపోయిన ఏడాది అది. సరిహద్దులో అడ్డం నిలిచే నాథుడు లేడు.

ఆ సభలో రాజు పెట్టిన చట్టం రెండు ముక్కలు. ఒకటి, అరవై వేలమంది సైన్యం, ఏడాది పొడవునా జీతం మీద ఉండాలి. రెండోది, ఇకమీదట ఒక్కడు "ఒప్పుకోను" అన్నంత మాత్రాన సభ చెదిరిపోదు, ఎక్కువమంది మాటే చెల్లుతుంది. ఆ రోజు ఆరు వారాల సభకు ఆఖరి రోజు. మా సీమ పాలకుడు వొయెవోద హ్రెబిన్‌స్కీకి ఈ చట్టం గొంతులో ముల్లు. రాజుకే సైన్యం ఉంటే ఆయన సొంత సైన్యాన్ని చూసి భయపడేదెవరు? అందుకని ఆయన మనిషి జెలొంకా పొద్దున కోట మెట్ల మీద నన్ను ఆపి చెవిలో ఒక మాట ఊదాడు. ఈ చట్టాన్ని ఆపితే తెక్లా ఇంటికి వస్తుంది, తాతార్ల ఖాను మా ప్రభువుకు ప్రాణస్నేహితుడు అని.

అదీ సంగతి. నా చెల్లెల్లాంటి ఆడపిల్లలు వేలమందిని కాపాడే చట్టం అది. దాన్ని చంపితే నా చెల్లెలు వస్తుంది. మీరైతే ఏం చేసేవారని నేను అడగను, ఎందుకంటే వెచ్చగా పొయ్యి పక్కన కూర్చుని అందరూ మంచి జవాబే చెబుతారు. నేను చెడ్డ జవాబు చెప్పాను. సరేనన్నాను.

ఇవాళ మాస్కో రాయబారి మా రాజు గుమ్మంలో టోపీ చేతబట్టుకుని నిలబడుతున్నాడు. స్వీడన్ ఓడలు మా రేవుల్లో సుంకం కడుతున్నాయి. సుల్తాను తనే ముందు ఉత్తరం రాస్తున్నాడు. ఈ వైభవమంతా ఏదో మైదానంలో వీపుకు రెక్కలు కట్టుకున్న మా రౌతులు కొట్టిన దెబ్బతో వచ్చిందని బళ్లో పిల్లలకు చెబుతున్నారు. ఒట్టి కోతలు. ఇదంతా ఒక చీకటిగదిలో, తేమ పట్టిన ఉన్ని కోట్ల కంపులో, దీపాల గురించిన ఒక మొండి ఆచారం దగ్గర మొదలైంది. ఆ గదిలో నేను ఉన్నాను.

సభ గది కోట కింది అంతస్తులో, నది వైపు. పొడుగాటి గది, చిన్న కిటికీలు. గోడల వెంబడి బెంచీలు, మధ్యలో అధ్యక్షుడు మార్షల్ గ్నెవోష్ స్టూలు, ఆయన చేతిలో కర్ర, పక్కన రాయసకాడు వాలెంతీ బల్ల. నూట డెబ్భై మంది కత్తులు కట్టుకుని ఇరుక్కుని కూర్చుంటే పక్కవాడి కత్తి ఒర మోకాలికి గుచ్చుకుంటూ ఉంటుంది. మా పెద్దమనుషుల్లో అందరూ అందరికీ అన్నదమ్ములే. "అన్నగారూ" అని పిలవకుండా ఎవరూ ఎవర్నీ తిట్టరు.

మధ్యాహ్నం మూడింటికి ఒనుఫ్రీ నా వైపు జరిగి కూర్చున్నాడు. ఆరు వారాల్లో అతను నాతో మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాకూ అతని మొహం చూడాలనిపించేది కాదు. రెండేళ్లుగా మా ఊరి చర్చిలో బందీల కోసం ప్రార్థన మొదలవగానే లేచి బయటికి పోయేవాడు. పెళ్లాం తాతార్ల గుడారంలో ఉంటే మొగుడికి మోకాళ్లు వంచడానికి కూడా బద్ధకమా అని ఊరంతా అనుకునేది. నేనైతే మొహం మీదే అన్నాను.

"పొద్దున జెలొంకా నీ చెవి కొరికాడు. ఏంటంట?" అన్నాడు.

"నీ ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగాడు."

"నా ఆరోగ్యం సంగతి నన్నే అడగొచ్చుగా."

"అడిగితే నువ్వు లేచి బయటికి పోతావని భయపడ్డాడేమో. నీకు అలవాటేగా బావా."

ఏదో అనబోయి ఆగాడు. "వాడు ఏం ఇస్తానన్నా పుచ్చుకోకు" అన్నాడు చివరికి.

"నీతులు నువ్వు చెప్పు, నేను వింటాను" అని అటు తిరిగిపోయాను.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. రెండేళ్ల కిందటి సభలో కూడా సైన్యం చట్టమే పెట్టారు. అప్పుడు నేను ప్రతినిధిని కాను, గుమ్మం దగ్గర తొక్కుకుంటున్న జనంలో ఒకణ్ని. ఆఖరి రోజు పొద్దుగుంకేవేళ మార్షల్, ఆచారం ప్రకారం, "దీపాలు తెప్పించడానికి అందరికీ సమ్మతమేనా?" అని అడిగాడు. మా సభలో ఒక్కడు కాదన్నా దీపం వెలిగించకూడదు. వెనకబెంచీల్లోంచి ఎవడో గొంతు మార్చి "దీపాలకు ఒప్పుకోను" అన్నాడు. ఎవడో తెలియలేదు. మసక చీకటి. దీపం లేదు కాబట్టి సభ లేదన్నారు, ఆఖరి రోజు కాబట్టి చట్టమూ లేదన్నారు. అందరూ లేచి వెళ్లిపోయారు. ఆ ఏడాది మా సరిహద్దులో ఇంకో పదకొండు ఊళ్లు తగలబడ్డాయి.

ఆ గొంతును నేను రెండేళ్లు శపించాను. అందుకే ఈసారి సభ మొదలైన మొదటి రోజే లేచి ఒక నియమం పెట్టించాను. ఒప్పుకోనన్నవాడు ఎవడైనా సరే, తన పేరూ ఊరూ రాయసకాడి పుస్తకంలో అక్కడికక్కడే రాయించాలి, రాయించని "ఒప్పుకోను" చెల్లదు. చీకట్లో దాక్కుని దేశాన్ని అమ్మేవాడు మళ్లీ పుట్టకూడదన్నాను. గది మొత్తం బెంచీలు చరిచింది. ఒనుఫ్రీ ఒక్కడే చరచలేదు. అసూయ అనుకున్నాను.

ఇప్పుడు అదే దీపాల దారి జెలొంకా నాకు నేర్పాడు. "చట్టానికి ఒప్పుకోనని మీరు అనక్కర్లేదు పాన్ బార్తొష్. అలా అంటే జనం మీ ఇల్లు తగలబెడతారు. దీపాలు మన తాతల ఆచారం కాదండీ అనండి చాలు. పొద్దు తన పని తను చూసుకుంటుంది. చేతికి మట్టి అంటదు."

సాయంత్రం అయింది. చట్టం మూడుసార్లు చదవడం పూర్తయింది. శుభ్రంగా రాసిన ప్రతి బల్ల మీద ఉంది. ఇక మార్షల్ అడగాల్సింది ఒక్క మాట, అందరూ అనాల్సింది ఒక్క మాట. కానీ ఎవరో లిథువేనియా ముసలాయన సుంకాల గురించి గంటన్నర నుంచి మాట్లాడుతున్నాడు. ఆయన కూడా వొయెవోద మనిషేనని తర్వాత తెలిసింది. ఆయన దగ్గి, మీసం తుడుచుకుని కూర్చునేసరికి కిటికీలో నది బూడిదరంగైపోయింది.

గ్నెవోష్ కర్రతో నేల మీద కొట్టాడు. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి, ఎప్పుడూ అజీర్తి చేసినట్టు మొహం పెట్టేవాడు. పూర్వం న్యాయస్థానంలో వకీలు. "దీపాలు తెప్పించడానికి అందరికీ సమ్మతమేనా?" అన్నాడు.

నేను లేచాను. "దీపాలకు ఒప్పుకోను. బార్తొష్ జురావ్‌స్కీ, పొదోలియా. రాసుకోండి."

రాయసకాడు వాలెంతీ కిటికీ వైపు పుస్తకం వంచి రాసుకున్నాడు. ఆఖరి వెలుతురు అదే.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత గది పేలిపోయింది. నా పేరు పెట్టి తిట్టినవాళ్లూ, మా అమ్మ పేరు పెట్టి తిట్టినవాళ్లూ ఉన్నారు. సాందోమియెష్ ప్రతినిధి ఒకాయన సగం కత్తి దూసి, "అన్నగారూ, మొదటి రోజు నువ్వే కదా పతివ్రత కబుర్లు చెప్పింది" అన్నాడు.

"నియమం పాటించానుగా. పేరు రాయించాను."

"పేరెందుకు, వొయెవోద గారి పశువుల మీద వేసే ముద్ర నీ వీపు మీద వేయిస్తే అందరికీ కనపడేది."

నవ్వులు లేచాయి, పాడు నవ్వులు. నేను కూర్చోలేదు. ఒనుఫ్రీ నా వైపు చూడటం లేదు, నేల వైపు చూస్తున్నాడు. దొంగకు తేలు కుట్టినట్టున్నాడు అనుకున్నాను, ఎందుకలా అనిపించిందో నాకే తెలియదు.

వెనకవాళ్లు లేచి టోపీలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. సభ అయిపోయిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

మార్షల్ మళ్లీ కర్రతో కొట్టాడు. "ఎక్కడికి బయల్దేరారు?"

"దీపం లేదుగా" అన్నాడు ఎవరో.

"లేదు. జురావ్‌స్కీ గారు ఒప్పుకోలేదు. ఆయన హక్కు ఆయనది. దీపం తేను. కూర్చోండి."

"చీకట్లోనా?"

"మీ అమ్మగారు మీకు చీకట్లో కూర్చోవడం నేర్పలేదా?"

సుంకాల ముసలాయన లేచాడు. "దీపం లేకుండా సభ జరగడం ఆచారం కాదు మార్షల్ గారూ."

"చట్టం చూపించండి."

"ఆచారం అంటున్నాను."

"నేను పదహారేళ్లు వకీలుగా బతికాను. సమ్మతి లేకుండా దీపం తేకూడదని పుస్తకంలో ఉంది. దీపం లేకపోతే లేచిపోవాలని ఎక్కడుందో చూపించండి, నేనే ముందు లేస్తాను. చూపించలేరు. ఇప్పుడైతే అసలు చూపించలేరు, ఎందుకంటే చదవడానికి వెలుతురు లేదు."

మొదట ఒకడు నవ్వాడు, తర్వాత పది మంది. టోపీలు పెట్టుకున్నవాళ్లు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం వినపడింది. బెంచీలు కిర్రుమన్నాయి. కిటికీలు నల్లబడ్డాయి. పక్కవాడి ముక్కు కూడా కనపడటం లేదు.

"చట్టం మూడుసార్లు విన్నారు. అందులో మారేది లేదు. మొదటిసారి అడుగుతున్నాను. సమ్మతమేనా?"

ఇక దాక్కోవడానికి చోటు లేదు. దీపాల దారి మూసుకుపోయింది. తెక్లా మొహం గుర్తు చేసుకున్నాను. తాతార్లు పడ్డ రోజు పొద్దున పిండి అంటిన చేతులతో గుమ్మంలో నిలబడి, నా గుర్రానికి కళ్లెం సరిగ్గా లేదని తిట్టింది. ఆ తిట్టే ఆఖరిది. నేను ఊరి వాళ్లను కూడగట్టడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు.

"ఒప్పుకోను" అని అరిచాను. ఈసారి దీపాలకు కాదు, చట్టానికే.

ఎవరూ తిట్టలేదు. తిట్లకంటే దానికే ఎక్కువ భయం వేసింది.

"ఎవరది?" అన్నాడు మార్షల్, తెలిసి కూడా.

"జురావ్‌స్కీ. రాసుకోండి."

"వాలెంతీ, రాశావా?"

రాయసకాడు తడుముకుంటున్న చప్పుడు వచ్చింది. సిరాబుడ్డి దొర్లింది. "కనపడటం లేదండి" అన్నాడు ముసలాయన. "నా చెయ్యే నాకు కనపడటం లేదు. రాసినా ఎక్కడ రాశానో దేవుడికే తెలియాలి."

"రాయని ఒప్పుకోను చెల్లదు. ఆ నియమం ఎవరు పెట్టారు?"

"జురావ్‌స్కీ గారేనండి."

చీకట్లో నూట అరవై తొమ్మిది మంది నవ్వారు. జీవితంలో నేను విన్న నవ్వులన్నిట్లో అదొక్కటే ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తీసిన గోతిలో తనే పడ్డవాణ్ని చూసి ఊరికే ఉంటారా?

నవ్వు ఆగాక మార్షల్ గొంతు వచ్చింది. అందులో వెక్కిరింపు లేదు. "పాన్ జురావ్‌స్కీ, నేను మీ నోరు మూయడం లేదు. మీ హక్కు మీకుంది. దీపం కావాలని అడగండి, ఇప్పుడే తెప్పిస్తాను. ఆ వెలుతురులో నిలబడి, అందరి కళ్లలో చూసి, ఒప్పుకోనని చెప్పండి. వాలెంతీ మీ పేరు రాస్తాడు, చట్టం చచ్చిపోతుంది, మేం ఇళ్లకు పోతాం. చీకట్లో వద్దనేవాళ్లను నేను చాలామందిని చూశాను. రెండోసారి అడగబోతున్నాను. ఆలోచించుకోండి."

ఆలోచించాల్సింది ఏమీ లేదు. వెలుతురులో అంటాను. పేరు బురదలో పడనీ, పిల్లలు నా పేరు పెట్టి కుక్కలను పిలవనీ, తెక్లా వస్తే చాలు. దీపం తెమ్మని నోరు తెరిచాను.

ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. గట్టి చెయ్యి. ఒనుఫ్రీ.

"అడగకు" అన్నాడు నా చెవిలో.

"చెయ్యి తియ్యి."

"తెక్లాని ఇస్తానన్నాడా జెలొంకా?"

నేను చెయ్యి విడిపించుకోబోయాను.

"తాతార్ల ఖాను మా ప్రభువుకు ప్రాణస్నేహితుడు అన్నాడా? చేతికి మట్టి అంటదన్నాడా?"

ఆ మాటలు అక్షరం పొల్లుపోలేదు. "నీకెట్లా తెలుసు?" అన్నాను.

"నాకూ ఇవే చెప్పాడు. రెండేళ్ల కిందట. ఆ మెట్ల మీదే." అతని ఊపిరి నా చెంప మీద తగులుతోంది. "ఆ వెనకబెంచీ గొంతు నాది బావా."

రెండేళ్లు. ప్రతి ఆదివారం బల్ల దగ్గర కూర్చుని ఆ గొంతును నేను తిడుతుంటే, ఎదురుగా కూర్చుని క్యాబేజీ బిగోస్ కూర తింటూ తల ఊపినవాడు వీడు. పదకొండు ఊళ్లు. నా చెయ్యి నా అనుమతి లేకుండానే కత్తి పిడి మీదికి వెళ్లింది. చీకటి, పక్కనే ఉన్నాడు, ఎవరూ చూడరు.

"పొడిస్తే పొడువు" అన్నాడు, పిడి చప్పుడు విని. "కాస్త ఆగి పొడువు. ముందు విను."

"తెక్లా ఏది మరి?"

అతను చెప్పేలోపే మార్షల్ కర్ర నేల మీద మోగింది. "రెండోసారి అడుగుతున్నాను. సమ్మతమేనా? పాన్ జురావ్‌స్కీ, దీపం కావాలా?"

"ఒక్క క్షణం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"తీసుకోండి. చీకటికి తొందరేముంది."

ఒనుఫ్రీ నా చెవికి నోరు ఆనించాడు. "లేదురా. పోయింది. సభ చెదిరిన పదో రోజు జెలొంకా ఇంటికొచ్చాడు. తెస్తుంటే దారిలో జ్వరం తగిలి పోయిందన్నాడు. మెళ్లో శిలువ తెచ్చి నా చేతిలో పెట్టాడు, మా పెళ్లికి నేను పెట్టిందే. ఊరికి ఏమని చెప్పను? దేశాన్ని అమ్మి శవాన్ని కొన్నానని చెప్పనా? నీకేమని చెప్పను? బందీల కోసం ప్రార్థన చేస్తుంటే కూర్చోలేక లేచిపోయేవాణ్ని. చచ్చినవాళ్లకు వేరే ప్రార్థన ఉంటుంది కదా."

నాకు ఏడుపు రాలేదు. పచ్చి కోపం వచ్చింది. అతని మీద, జెలొంకా మీద, మెట్ల మీద సరేనని తల ఊపిన నా మీద. చచ్చిపోయిన చెల్లెల్ని చూపించి నన్ను కొన్నారు. నేను అమ్ముడుపోయాను కూడా.

"నిన్ను బయటికొచ్చాక చంపుతాను" అన్నాను.

"సరే. ఇప్పుడు మాత్రం దీపం అడగకు."

నేను చెయ్యి విదిలించుకుని లేచి నిలబడ్డాను. "మార్షల్ గారూ" అన్నాను, "దీపం అక్కర్లేదు."

"మంచిది. మూడోసారి అడుగుతున్నాను. చట్టానికి సమ్మతమేనా?"

ఎవరూ ముందు అనలేదు. అందరూ నా గొంతు కోసం చూస్తున్నారని తెలిసింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారని మా సభ పుట్టినప్పటి నుంచీ ఎవడో ఒకడు ఉలిపికట్టె అవుతూనే వచ్చాడు.

"సమ్మతం" అన్నాను.

నా పక్కన ఒనుఫ్రీ అన్నాడు. తర్వాత గది మొత్తం అంది. ఆ అరుపుకి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. చీకట్లో మనుషులు ఎవరో తెలియకుండా ఒకర్నొకరు కావలించుకున్నారు. నన్ను తిట్టిన సాందోమియెష్ ఆయన నా భుజమనుకుని ఎవరి కడుపునో గుద్ది క్షమాపణ చెప్పడం వినపడింది. మా రాజ్యానికి వెన్నెముక మొలిచిన ఘడియ అది. బొమ్మలు గీసేవాళ్లు ఇప్పుడు దాన్ని వంద కొవ్వొత్తుల వెలుతురులో గీస్తున్నారు.

నేను అక్కడ నిలవలేకపోయాను. గోడ తడుముకుంటూ నది వైపు వసారాలోకి వచ్చాను. కోట వెనక పడమట ఇంకా కాస్త ఎర్రగా ఉంది. వెనకే ఒనుఫ్రీ వచ్చాడు. చంపుతానన్న మాట గుర్తుండి వచ్చాడనుకుంటాను, కత్తి మీద చెయ్యి వెయ్యలేదు.

వసారా చివర జెలొంకా నిలబడి ఉన్నాడు. నక్కతోలు టోపీ, రెండు పక్కలా ఇద్దరు బంట్లు. చేతిలో లాంతరు. లోపలి అరుపులు వింటూ తల ఊపుతున్నాడు, పాట వింటున్నవాడిలా.

"బాగా అరుస్తున్నారు" అన్నాడు. "మీ గొంతు కూడా వినిపించింది పాన్ బార్తొష్. మొదటి గొంతు మీదే అనుకుంటాను."

"శవాన్ని ఎన్నిసార్లు అమ్ముతావురా?" అన్నాను.

అతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత అర్థమై మెల్లగా నవ్వాడు. "ఓహో. బావగారు చెప్పేశారా. జ్వరం సంగతీ, శిలువ సంగతీ." లాంతరు కొంచెం పైకెత్తాడు. "శిలువ మెళ్లోంచి తియ్యడానికి మనిషి చావాలా లసోతా గారూ?"

ఒనుఫ్రీ ఒక అడుగు ముందుకు వేశాడు.

"చచ్చిందని ఒకరికి చెబితేనే కదా, బతికుందని ఇంకొకరికి అమ్మేది. మిమ్మల్ని వాడేసుకున్నాక ఆవిణ్ని మీకిచ్చేస్తే, ఈసారి ఈయన్ని దేంతో కొనాలి? ఈసారి మాత్రం మా ప్రభువు మాట నిలబెట్టుకుందామనుకున్నారు, ఒట్టు. అందుకే ఇంత దూరం తెప్పించారు."

"అబద్ధం" అన్నాను. గట్టిగా అనలేకపోయాను.

"నన్ను నమ్మొద్దు. పొద్దున ఆవిడ ఒక మాట అడిగింది, అది చెబుతాను. మా కప్పగాడు వచ్చాడా అంది."

ఆ పేరు ఒనుఫ్రీకి కూడా తెలియదు. ఆరేళ్లప్పుడు నేను బాతుల గుంటలో పడి మునిగిపోతుంటే నాలుగేళ్ల తెక్లా గట్టు మీద నిలబడి అరిచి అరిచి పాలేరుని పిలిచింది. వాడు నన్ను కాళ్లు పట్టుకుని, కప్పను లాగినట్టు బయటికి లాగాడు. ఆ రోజు నుంచి, ఎవరూ లేనప్పుడు మాత్రమే, అలా పిలిచేది.

"ఎక్కడుంది?" అంది ఒక గొంతు. నాది కాదు, ఒనుఫ్రీది. అది మనిషి గొంతులా లేదు.

జెలొంకా లాంతరును మూడుసార్లు ఎత్తి దించాడు, నది వైపు. అవతల ప్రాగా పేట ఒడ్డున ఒక చిన్న దీపం మూడుసార్లు లేచి దిగింది. "బండిలో. సభ చెదిరితే పడవ ఎక్కించమన్నాను, నిలబడితే వెనక్కి తిప్పమన్నాను. ఈ ఒడ్డు నుంచి ఆఖరి పడవ వెళ్లి అరగంటైంది. ఇక శెలవు." బంట్లు కత్తులు అడ్డం పెట్టి వెనక్కి నడిచారు. అతను మెట్లు దిగి గుర్రమెక్కడం చూస్తూ నిలబడ్డాం.

అవతలి దీపం కదిలింది. తూర్పు వైపు, మెల్లగా. బురద దారి, నాలుగు గుర్రాల బండి, తొందరగా పోలేదు. లోపల ఇంకా సమ్మతం, సమ్మతం అని అరుస్తున్నారు.

ఒనుఫ్రీ అప్పటికే మెట్లు దిగి నీటి అంచుకు చేరాడు. నేను వెనకే పరుగెత్తాను. మార్చి నెల విస్తులా నది, ఒడ్డున ఇంకా మంచుపెళ్లలు కొట్టుకొస్తున్నాయి. అతను నడుము పట్టీ విప్పి, పైకోటు బురదలో పారేసి, కత్తి వీపుకు కట్టుకుంటూ నా వైపు తిరిగాడు.

"ఈత వచ్చా నీకు?"

"రాదు" అన్నాను. అని, కూర్చుని బూట్లు లాగడం మొదలుపెట్టాను.